ప్రార్థన, పలక, పద్యం: మన సాహిత్యచరిత్రలో మిషన్ బడిపంతులు

ఆధునిక తెలుగు సాహిత్యచరిత్రలో బడిపంతుళ్ళకు కొరత లేదు. కందుకూరి వీరేశలింగం పంతులు బడిలో పాఠాలు చెప్పాడు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకున్నాడు. గురజాడ విజయనగరంలో ఉపాధ్యాయుడుగా జీవితం మొదలుపెట్టాడు. ఈ ముగ్గురి గురించీ మనం విరివిగా రాసుకున్నాం, రాసుకోవాలి కూడా. అయితే వీళ్ళతో పాటే తెలుగు నేల మీద ఇంకొక రకం బడిపంతులు బతికాడు. ఆయన బడి మాలపల్లె చివరో, మాదిగపల్లె నడుమో ఉన్న మట్టిగోడల పాక. పగలు అందులో గుణింతం చెప్పేవాడు. పొద్దుగూకాక అదే పాకలో దీపం పెట్టి ప్రార్థన చేయించేవాడు. ఆదివారం అదే పాక గుడి. ఊరివాళ్ళు ఆయన్ని పంతులనీ, ఉపదేశి అనీ పిలిచారు. మన సాహిత్యచరిత్రలు మాత్రం ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.

ఇది ఏమరుపాటు కాదని నా అభిప్రాయం. అభ్యుదయ విమర్శకు ఈ పంతులు రెండు విధాల ఇబ్బంది అయ్యాడు. మొదటిది, ఆయనకు జీతమిచ్చింది విదేశీ మిషన్. వలసపాలన నీడలో పెరిగిన సంస్థకు చెందిన మనిషిని మన పరంపరలో ఎలా కలుపుకోవటం అన్న సంకోచం. రెండవది, ఆయన చేసిన పనికి నడుమ ఉన్నది ప్రార్థన. మతాన్ని మత్తుమందు అన్న ఒక్క ముక్క పట్టుకుని, ప్రార్థన చేసేవాడి నోట చైతన్యం ఉండదని మనం తీర్మానించుకున్నాం. 1844లో ఆ మాట రాసిన మార్క్సే, అక్కడే, మతం మనిషి బాధకు వ్యక్తీకరణ అనీ, ఆ బాధ మీద నిరసన కూడా అనీ చెప్పాడన్న సంగతి మనకు గుర్తుకు రాలేదు. ఆ నిరసన ఏ రూపంలో బడిలోకి వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, పద్యంలోకి ఎలా నడిచింది అన్నది ఈ వ్యాసం విషయం.

నేను క్రైస్తవుణ్ణి కాను. హైదరాబాదు పాతనగరంలో, శాలిబండలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మతం తరఫున వకాల్తా పుచ్చుకోవటం నా ఉద్దేశం కాదు. చరిత్ర లెక్క సరిగా చూడాలన్నదే నా పట్టుదల.

రెండు బడులు

మిషన్ బడి అన్నప్పుడు మనం ఒకే మూసను ఊహించుకుంటాం. అది పొరపాటు. మొదటినుంచీ అవి రెండు దారులుగా నడిచాయి.

మచిలీపట్నానికి 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి తెరిచాడు. ఆయన వల విసిరింది అగ్రవర్ణాల పిల్లల మీద. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మారతారన్నది లెక్క. అందుకోసం నిమ్నకులాల పిల్లల్ని తన బడిలో చేర్చుకోవటానికి ఆయన ఒప్పుకోలేదు. దేవుడి ముందు అందరూ సమానమని చెప్పే బైబిలు పాఠం, కులాన్ని గడప బయట నిలబెట్టిన గదిలో సాగింది. 1852లో విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించారు, బడి చాలావరకు ఖాళీ అయింది. పైవాళ్ళకు కావలసింది ఇంగ్లీషు చదువు, దాని వెనకున్న ఉద్యోగం. ప్రార్థన కాదు.

ఒంగోలు దారి వేరు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ నలుగురైదుగురితో కలిసి అక్కడి కొండెక్కి ప్రార్థన చేశాడు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. తర్వాత 1866లో ఒంగోలు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ కూడా మొదట ఊళ్ళోని పెద్దకులాల పిల్లలకే బడి పెట్టాడు. అంతలో తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తనవాళ్ళను వెంటబెట్టుకు వచ్చాడు. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఆ రోజు క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో ప్రార్థనలో కూర్చుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు కనబడిందట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచులని తోసేసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. మాదిగలు ఉన్నారు.

ఆ పేజీ దైవికంగా తెరుచుకుందా, యాదృచ్ఛికమా అన్నది మనకు అక్కర్లేదు. మనకు కావలసింది ఇది: ఒక ఉపాధ్యాయుడు తన బడిలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న ఎదుర్కొన్నాడు. బడి నిలబడాలన్న లౌకికబుద్ధి ఒకవైపు లాగింది. విశ్వాసం రెండోవైపు లాగింది. మచిలీపట్నంలో మొదటిది గెలిచింది, ఒంగోలులో రెండోది. విశ్వాసం ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు. అంచేత క్రైస్తవం బడికి సమానత్వం తెచ్చిందని గుడ్డిగా చెప్పటం ఎంత తప్పో, ఏమీ తేలేదని కొట్టిపారేయటం అంతే తప్పు. తేడా తెచ్చింది గడప దగ్గర నిలబడ్డ పేరయ్యలు. కింది నుంచి వచ్చిన ఒత్తిడే ఆ విశ్వాసాన్ని దాని మాటకు కట్టుబడేలా చేసింది.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట పడకూడదని కరవు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. పని ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను చర్చి చరిత్రలు గొప్పగా చెబుతాయి. నా దృష్టిలో ఆ అంకెకు అసలైన అర్థం మర్నాడు మొదలైంది. ఇన్ని పల్లెలకు పంతుళ్ళు కావాలి. ఎక్కడినుంచి తేవాలి? పెద్దకులాల పంతులు ఆ పల్లెలో అడుగు పెట్టడు. కాబట్టి నిన్నటిదాకా అక్షరం ముట్టనివ్వని కులాల నుంచే ఉపాధ్యాయుణ్ణి తయారుచెయ్యాలి. 1872లో రామపట్నంలో మొదలైన వేదాంత పాఠశాల వంటివి ఈ పనికి వచ్చాయి. గుంటూరులో 1842లో హయ్యర్ దొర ప్రారంభించిన లూథరన్ మిషన్ కూడా ఇదే దారిలో ఉపాధ్యాయ శిక్షణకు పూనుకుంది. మాల మాదిగ కులాలనుంచి జీతం తీసుకునే ఉపాధ్యాయవర్గం ఒకటి తెలుగు దేశంలో పుట్టింది ఈ అవసరం వల్లనే.

పంతులు పని

ఆ పంతులు పని ఎలాంటిదో చూద్దాం. పిల్లలు పగలు పశువుల వెంట ఉంటారు, పెద్దలు ఆసామి పొలంలో ఉంటారు. అందుకని చాలా చోట్ల బడి పొద్దున్నే కొంతసేపు, మళ్ళీ రాత్రి కొంతసేపు. రాత్రి ప్రార్థనకు పెద్దలు కూడా వచ్చి కూర్చుంటారు. వాక్యం చదవటం, కీర్తన పాడటం, తర్వాత ప్రార్థన. ఇవే వయోజన విద్య, ఇవే సభ, ఇవే పంచాయితీ. పన్నులో, వెట్టిలో, పోలీసు ఠాణాలో చిక్కు వస్తే అర్జీ రాసేదీ ఆ పంతులే. పల్లెలో కలం పట్టగలిగింది ఆయన ఒక్కడే కదా.

జీతం సంగతి చెప్పక్కర్లేదు. 1854 నాటి వుడ్ తాఖీదు తర్వాత ప్రభుత్వం మిషన్ బడులకు సహాయధనం ఇవ్వటం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కలు పరీక్షించి, నెగ్గిన పిల్లల సంఖ్యనుబట్టి డబ్బిచ్చే పద్ధతి కూడా నడిచింది. ప్రార్థనకు సర్కారు మార్కులు లేవు, గుణింతానికి దొరగారి మార్కులు తక్కువ. ఇద్దరు యజమానుల మధ్య పంతులు నలిగాడు. ఇన్‌స్పెక్టరుకు లెక్కలు చూపాలి, దొరగారికి ఆత్మలు చూపాలి.

ఇక ప్రార్థన. సాహిత్య విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగాలి. గుళ్ళో పూజ అంటే మన తరఫున మరొకడు, మనకు అర్థంకాని భాషలో మాట్లాడటం. పంచముడికి ఆ మరొకడి దగ్గరకు వెళ్ళే హక్కు కూడా లేదు. మిషన్ బడిలోని ప్రార్థన దీనికి పూర్తిగా విరుద్ధమైన పని. పిల్లవాడు లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, నలుగురూ వింటుండగా, తన సొంత మాటల్లో, తన ఇంటి తెలుగులో తన కష్టం చెప్పుకోవాలి. అమ్మకు జ్వరం, వాన పడలేదు, ఆసామి కొట్టాడు. ఏదైనా సరే. మధ్యలో దళారీ లేడు. తరాల తరబడి, పిలిస్తే ‘బాంచను’ అనో ‘చిత్తం దొరా’ అనో తప్ప నోరు మెదపకూడని మనిషికి, నలుగురిలో నిలబడి వాక్యం తరవాత వాక్యం పేర్చి మాట్లాడే అభ్యాసం ఇక్కడ దొరికింది. వాగ్వ్యవహారంలో ఇది చిన్న మార్పు కాదు. వ్యావహారిక భాషావాదం పత్రికల్లోకి రాకముందే, వ్యావహారిక భాషలో బహిరంగంగా మాట్లాడటం ఈ పాకల్లో మొదలైంది.

దానితో పాటు కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవాళ్ళు రాసిన క్రైస్తవ కీర్తనలు దేశీయ రాగతాళాల్లో, పల్లవి అనుపల్లవులతో ఉన్న కీర్తనలే. చదువు రాని తల్లి కూడా వాటిని కంఠతా పట్టింది. పద్యం, రాగం అంటే పెద్దకులాల సొత్తన్న భావన పల్లెలో ఈ పాటలతో కొంత సడలింది.

కాని నాణేనికి రెండో వైపు కూడా చెప్పకపోతే నేను చరిత్ర రాసినట్టు కాదు, స్తోత్రం రాసినట్టు. కష్టం చెప్పుకోవటం నేర్పిన ప్రార్థనే, ఆ కష్టానికి కారణమైనవాణ్ణి అడగకుండా పైకి చూడటం నేర్పింది. ఆసామి కొట్టాడని దేవుడికి చెప్పుకున్న పిల్లవాడు, ఎందుకు కొట్టావని ఆసామిని అడగాలని ఆ పాకలో పాఠం లేదు. సహనం పుణ్యమైంది. పంతులు తన జీతం పెంచమని అడగటం అవిశ్వాసం కిందికి వచ్చింది. మిషన్ బంగళాలో దొరగారు, పల్లె పాకలో పంతులు, ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని ఆదివారం చెప్పుకున్నా, సోమవారం నాటికి ఎవరి వరండా వారిదే. సంఘాల లోపల మాల మాదిగల తేడా అలాగే మిగిలింది. విశ్వాసం మనిషిని నిటారుగా నిలబెట్టింది, అయితే చేతులు జోడించి నిలబెట్టింది. చేతులు విప్పే పని ఇంకా మిగిలి ఉంది.

పంతులు కొడుకులు కాదు, పంతులే కవి

ఆ పని మొదలుపెట్టినవాడు గుఱ్ఱం జాషువ. ఆయన్ని మహాకవిగా చదువుతాం, విశ్వనరుడుగా కీర్తిస్తాం. ఆయన మిషన్ బడిపంతులన్న సంగతిని మాత్రం జీవితవిశేషాల పట్టికలో ఒక గీతగా దాటిపోతాం.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేరాడు. కొంతకాలం రాజమండ్రిలో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పాడు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో 1928 వరకు దాదాపు పదేళ్ళు పనిచేశాడు. అంటే పల్లెలకు వెళ్ళే ఉపదేశి పంతుళ్ళను తయారుచేసే చోట ఆయన గురువు. ఆ తర్వాత 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితుడు.

ఆ పండిత్యమే ఆయనకు రెండు వైపులా శత్రువులను తెచ్చింది. పద్యం రాస్తున్నందుకు పెద్దకులాల పండితులు కులం అడిగారు. పురాణగాథలు పద్యాల్లో రాస్తున్నందుకు క్రైస్తవ పెద్దలు ఆగ్రహించి సంఘం నుంచి వెలివేశారు. మిషన్ నేర్పిన అక్షరం మిషన్ గీసిన గీత దాటితే, మిషన్ కూడా ఊరి పెద్దలాగే ప్రవర్తించింది. చేతులు జోడించడం వరకే మా పాఠం అన్నట్టు.

ఇప్పుడు ఈ వెలుగులో ‘పిరదౌసి’ (1932) చూడండి. గజనీ మహమ్మదు బంగారు నాణేలిస్తానని కావ్యం రాయించుకుని వెండితో సరిపెట్టిన కథ. రాజులు, కవులు, ఆత్మగౌరవం అని మనం పాఠం చెబుతాం. మూడు రూపాయల పంతులు దీన్ని రాశాడని గుర్తుపెట్టుకుంటే, ఇది చేసిన పనికి కూలి ఎగ్గొట్టిన యజమాని కథ. ఉర్దూ ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు పిరదౌసి పేరుతో వాళ్ళకు కలిగే దగ్గరితనం వేరు. కూలి ఎగ్గొట్టటం అన్న మాట దగ్గర మాత్రం తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఒకేసారి తలెత్తి చూస్తారు.

ఇక ‘గబ్బిలం’ (1941). గుడి గడప తొక్కనివ్వని పంచముడు, గుళ్ళోకి స్వేచ్ఛగా పోయే గబ్బిలంతో కాశీలోని విశ్వేశ్వరుడికి తన మొర పంపుకుంటాడు. మేఘసందేశానికి అనుకరణ అనీ, సందేశకావ్య ప్రక్రియలో తిరుగుబాటు అనీ విమర్శకులు చెప్పారు. అది నిజమే. అయితే ఆ మొర రూపం ఎక్కడిది? కాళిదాసు యక్షుడు ప్రియురాలికి కబురు పంపాడు, కష్టం తీర్చమని దేవుణ్ణి నిలదీయలేదు. నిలబడి, తన సొంత నోటితో, ఊరి అన్యాయాన్ని పేరు పేరునా దేవుడికి వినిపించటం మిషన్ పాకలో రాత్రిపూట నేర్చిన విద్య. జాషువ చేసింది రెండు పనులు. ఆ ప్రార్థనను చర్చి దేవుడి దగ్గర్నుంచి మళ్ళించి, తనను గుళ్ళోకి రానివ్వని దేవుడి ముందు పెట్టాడు. రెండోది, విన్నపం గొంతును నిలదీసే గొంతుగా మార్చాడు. పాకలోని ప్రార్థనకు కావ్యంలో చేతులు విడివడ్డాయి. క్రైస్తవుడు శివుడికి మొర పెట్టుకోవటంలో వైరుధ్యం చూసినవాళ్ళు ఉన్నారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. అన్యాయం జరిగిన చోటే ఫిర్యాదు చెయ్యాలి కదా.

తనను వెలివేసిన సంఘం మీద కోపంతో ఆయన క్రీస్తును వదలుకోలేదు. ‘క్రీస్తుచరిత్ర’ రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని పెళ్ళాడి, స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడ్డ కుటుంబాల మధ్య, జోగినుల మధ్య పనిచేసింది. ప్రార్థన చేసే పంతులు ఇంటినుంచి నాస్తికుల ఇంటికి వెళ్ళినా పని మారలేదు. ఆ పని మీద ఏ మతానికీ పూర్తి పట్టా లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో

ఇదంతా కోస్తా కథ, హైదరాబాదుకు ఏం సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఉంది. నిజాం రాజ్యంలో పైచదువు ఉర్దూలో సాగింది, తెలుగు బడికి దిక్కు తక్కువ. ఆ పరిస్థితిలో డోర్నకల్లు, మెదకు మిషన్లు పల్లెల్లో తెలుగులో అక్షరం చెప్పాయి. 1912 డిసెంబరు 29న డోర్నకల్లు బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తమిళుడు, తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1945లో చనిపోయేదాకా వందలకొద్దీ పల్లె పంతుళ్ళను ఆయన నడిపించాడు. మెదకులో పాస్నెట్ దొర కరవు కూలీలతో కట్టించిన పెద్ద చర్చిని 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించారు. ఆ చర్చి శిఖరం అందరికీ కనిపిస్తుంది. దాని నీడన తయారైన పల్లె పంతులు ఎవరికీ కనిపించడు.

అయితే ఇదే నగరంలో ఇంకొక దారి కూడా ఉంది. మాదరి భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి మొదలైన చోట్ల ఆదిహిందూ పిల్లలకు తెలుగు బడులు నడిపాడు. మిషన్ డబ్బు లేదు, బాప్తిస్మం షరతు లేదు. తన పత్రికలో ‘వెట్టి మాదిగ’ నవల కూడా రాశాడు. బడి నడిపినవాడే నవల రాయటం ఇక్కడా చూస్తున్నాం. అక్షరానికి ప్రార్థన ఒక్కటే దారి కాదని ఆయన బడులు రుజువు చేశాయి. ఆయన్ని చూసినప్పుడే మిషన్ పంతులు గొప్పతనమూ, పరిమితీ రెండూ సరైన కొలతలో కనిపిస్తాయి.

రిజిస్టరులో లేని మనిషి

ఈ కథ పాతది కాదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతానికి చెందనివాళ్ళు షెడ్యూల్డు కులాల కిందికి రారని నిర్ణయించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన దళితుణ్ణి వెనుకబడిన తరగతుల సి గ్రూపులో వేసి ఒక్క శాతం చూపించారు. ఊరు అతన్ని మాదిగగానే చూస్తుంది. చట్టం మాత్రం నువ్వు మాదిగవు కాదంటుంది.

ఫలితం ఏమిటంటే, మిషన్ బడి తయారుచేసిన ఉపాధ్యాయుల మనవలు, మునిమనవలు ఈనాడు సర్కారు బడుల్లో చాలామంది రెండు పేర్లతో బతుకుతున్నారు. రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో, ప్రార్థనలో మరొక పేరు. తాత బహిరంగంగా నిలబడి తన కష్టం చెప్పుకోవటం నేర్చిన ప్రార్థనను మనవడు తలుపు వేసుకుని చేసుకోవలసి వస్తోంది. రాజ్యాంగం 28వ అధికరణం సర్కారు బడిలో మతబోధ కూడదంది. అది అవసరమైన నియమం, దాన్ని నేను సమర్థిస్తాను. ఉపాధ్యాయుడు తన విశ్వాసాన్ని పిల్లల నెత్తిన రుద్దకూడదు. కాని విశ్వాసాన్ని రుద్దకపోవటం ఒకటి, బతుకుతెరువు కోసం విశ్వాసాన్ని దాచుకోవలసి రావటం మరొకటి. మొదటిది లౌకికత్వం. రెండవది దానికి అవమానం.

ఒక్క చిన్న మాట మన భాషలో సాక్ష్యంగా మిగిలింది. శాలిబండలోనే కాదు, ఏ తెలుగు ఊరి బడిలోనైనా పొద్దున్న పిల్లలు వరుసకట్టి నిలబడే వేళను ‘ప్రేయర్’ అంటారు. ‘ప్రేయర్ బెల్లు కొట్టారు’ అంటూ పరుగెత్తుతారు. అందులో చెప్పేది, 1962లో పైడిమర్రి వెంకటసుబ్బారావు తెలుగులో రాసిన ప్రతిజ్ఞ. దేవుడి మాట లేదు, భారతీయులందరూ సహోదరులన్న మాట ఉంది. పాతనగరంలో హిందువుల పిల్లలూ ముసల్మానుల పిల్లలూ పక్కపక్కన నిలబడి చెప్పే ఆ ప్రతిజ్ఞకు క్రైస్తవుల బడి నుంచి వచ్చిన పేరు మిగిలింది. పిల్లలకు ఆ చరిత్ర తెలియదు, పెద్దలం మనకైనా తెలియాలి.

కాబట్టి మన ముందు పని ఉంది. కీర్తనల పుస్తకాలను భక్తి సాహిత్యమని పక్కన పెట్టకుండా, చదువు రాని జనం నోట నిలిచిన కవిత్వంగా పరిశీలించాలి. పాత మిషన్ బడుల హాజరు పట్టీలు, జీతాల పుస్తకాలు చెదలపాలు కాకముందే చూడాలి. తాత ఉపదేశిగా పనిచేసిన కుటుంబాల నోటిమాటలు రాసుకోవాలి. బైబిలు స్త్రీలుగా ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు చదువు చెప్పిన తల్లుల సంగతి ఇంతకన్నా అన్యాయంగా మరుగుపడింది, అది వేరే వ్యాసానికి తగినది. ఎం.ఏ. తెలుగు విద్యార్థులు జాషువ మీద మరొక పరిశోధన మొదలుపెట్టే ముందు, ఆయన పద్యానికి వెనక ఉన్న పాకను ఒకసారి చూడాలి. ప్రార్థన అక్కడ నోరు ఇచ్చింది. ఆ నోటితో ఎవరిని అడగాలో తేల్చుకున్నది సాహిత్యం. ఈ రెండు మెట్లనూ కలిపి చదివినప్పుడే మన అభ్యుదయ సాహిత్యచరిత్ర తన పునాదులను తాను గుర్తుపడుతుంది.